రంగు మారని చుక్క

ఫ్యాక్టరీలో ఆమెను అందరూ భూతద్దం అంటారు. లేబులు వెంట్రుకవాసి వంకరగా ఉన్నా, మూత పావు చుట్టు తక్కువ తిరిగినా ఆమె కంటబడకుండా గేటు దాటదని ఆ పేరు. మెచ్చుకోలో, వెక్కిరింతో తెలీదు. ఆమెకు మాత్రం లోలోపల గర్వంగానే ఉండేది. ఇంట్లో ఆమె ఒకావిడకి కోడలు. ఈ కథ ఆ అత్తాకోడళ్ళది కాబట్టి మనమూ కోడలనే అనుకుందాం.

ఆ ఫ్యాక్టరీలో తయారయ్యేది నాలిక మీద వేసుకునే తేనె కాదు. మానని పుళ్ళకి, కాలిన చర్మానికి, ఆపరేషన్ కుట్లకి రాసే మందు తేనె. వడగట్టి, ట్యూబుల్లో నింపి, పెట్టెల్లో సర్ది, లారీ మీద ఇంకో చోటికి పంపిస్తారు. అక్కడ కిరణాలతో శుద్ధి చేస్తారు. తేనెని కాస్తే దాని గుణం పోతుంది. అలాగని పచ్చిగా వదిలేస్తే అందులో కంటికి కనపడని క్రిముల విత్తనాలు నిద్రపోతూ ఉండొచ్చు. నోట్లో వేసుకుంటే పెద్దవాళ్ళకి ఏమీ కాదు. తెరుచుకున్న పుండులోకి వెళ్తే మాత్రం మేలుకోవని చెప్పలేం. అందుకని ప్రతి పెట్టె మీదా ఒక చిన్న చుక్క అంటిస్తారు. వెళ్ళేటప్పుడు అది పసుపు. కిరణాలు తగిలి తిరిగొచ్చేటప్పటికి ఎరుపు. ఆ ఎరుపు చూసి సంతకం పెట్టడమే కోడలి ఉద్యోగం. ఎనిమిదేళ్ళుగా అదే పని.

అత్తగారిది ఇంకో రకం పని. ఒక పెద్ద హోటల్ లాండ్రీలో ముప్పయ్యొక్క ఏళ్ళు దుప్పట్లు ఇస్త్రీ చేసింది. అంతా నిలబడి చేసేదే. పిక్కల్లో నరాలు తాళ్ళలా మెలికలు తిరిగి ఉబ్బిపోయాయి. మా అమ్మ నోరు ఇస్త్రీపెట్టె కంటే వేడి అని కన్నకొడుకే అంటాడు. ఆమెవి పుట్టుకతోనే అరమూత కళ్ళు. మేలుకుని ఉన్నా కునుకు తీస్తున్నట్టే ఉంటుంది. ఆ కళ్ళని నమ్మి, వినడం లేదులే అనుకుని ఏదైనా అన్నవాళ్ళు తర్వాత నాలిక కరుచుకునేవాళ్ళు.

ఏడు నెలల కింద మంచం కోడు తగిలి ఎడమకాలి చీలమండకి కాస్త పైన గీరుకుపోయింది. గోరంత గీత. అదే మెల్లగా అరచేతిలో సగమంత పుండయింది. ఎన్ని మందులు రాసినా మానదు. రోజు విడిచి రోజు క్లినిక్‌కి వెళ్ళి కట్టు మార్పించుకోవడం, తడిసిన కట్టు వాసన ఇంట్లో ఎవరూ పైకి అనకపోవడం, ఇలా గడుస్తోంది. చివరికి క్లినిక్‌లో కట్లు కట్టే సిస్టరే చెప్పింది.

"మందు తేనె రాసి చూద్దామమ్మా. పుండులో ఉన్న చెత్తని అదే లాగేస్తుంది. రోజూ ఇంట్లో మీ కోడలు రాసినా చాలు. వారానికోసారి నేను చూస్తాను. మామూలు తేనె మాత్రం వద్దు సుమా."

"మా కోడలికే చెప్తున్నావా ఆ మాట! ఆ తేనెకి సంతకం పెట్టేదే అది," అంది అత్తగారు. కోడల్ని ఆమె నలుగురిలో పొగడటం అదే మొదటిసారి.

ఫ్యాక్టరీలో ఒక పద్ధతి ఉంది. శుద్ధి అయి వచ్చిన ట్యూబుల్లో లేబుళ్ళు వంకర పోయినవి పనివాళ్ళు ఇంటికి తీసుకెళ్ళొచ్చు. స్టోరు చూసే పెద్దాయనకి చెప్పి, పుస్తకంలో రాస్తే చాలు. ఆయన్ని అందరూ స్టోరు బాబాయి అంటారు. మర్నాడు మధ్యాహ్నం కోడలు స్టోరుకి వెళ్ళేసరికి బాబాయి భోజనానికి వెళ్ళాడు. తిరిగొచ్చిన పెట్టెలుండే అర కింద, నేల మీద, మూత తీసి ఉన్న పెట్టె ఒకటి కనిపించింది. అందులో పైనున్న రెండు ట్యూబుల లేబుళ్ళు వంకరగానే ఉన్నాయి. ఆ రెండూ తీసి చీర మడతలో దోపుకుంది. పెట్టె మీది చుక్క గోడవైపు ఉంది. వంగి, పెట్టె తిప్పి చూడటానికి ఎంతసేపు? రెండు క్షణాలు. ఎరుపు అరలోని పెట్టే కదా అనుకుంది. పుస్తకంలో తర్వాత రాయొచ్చులే అనుకుంది.

ఆ సాయంత్రం నుంచే మొదలుపెట్టింది. ఉప్పునీళ్ళతో కడిగి, గాజుగుడ్డ మీద తేనె పరిచి, పుండు మీద అద్ది, పైన కట్టు. మొదట అత్తగారు "అబ్బా, చురుక్కుమంటోందే" అంది. తర్వాత అలవాటయింది. ట్యూబుని అడుగు నుంచి చుట్టుకుంటూ పిండేది కోడలు. ఆ అడుగున లోహపు మడత మీద అచ్చొత్తిన అంకెలు బొటనవేలికి తగిలేవి. నాలుగు, ఒకటి, ఏడు. ఐదు రోజులు.

ఆరో రోజు పొద్దున ఆమె తన బల్ల దగ్గర కూర్చుని ఉండగా స్టోరు బాబాయి లోపలికి వచ్చాడు. చేతిలో లారీ కాగితం.

"భూతద్దం తల్లీ, ఇవాళ వెళ్ళే సరుకులో ఒక పెట్టె ఎక్కువ రాసుకో. నాలుగు వందల పదిహేడు. కిందటిసారి లారీలో చోటు చాలక ఉండిపోయింది, ఆ అర కింద పడేశాను. ఇవాళ పంపిద్దామని చూస్తే రెండు ట్యూబులు తక్కువున్నాయి. తేనె రుచి మరిగిన ఎలుకలేవో మూతలు తీసుకుని తాగినట్టున్నాయి," అని నవ్వాడు.

కోడలి చేతిలో పెన్ను అలాగే ఆగిపోయింది. బొటనవేలి చివర ఆ మూడంకెలూ ఇంకా గుచ్చుకుంటున్నట్టే అనిపించింది. చెవుల్లో ఏదో హోరు. బాబాయి ఇంకేదో అంటున్నాడు గానీ పెదాలు కదలడమే కనిపిస్తోంది. దొంగకి తేలు కుట్టినట్టయింది ఆమె పని. అరవడానికి లేదు, ఊరుకోవడానికీ లేదు.

"ఏమ్మా, ఒంట్లో బాగాలేదా?"

"తల తిరుగుతోంది బాబాయ్. ఇంటికెళ్తాను," అంది.

బస్సు కోసం ఆగలేదు. పరుగులాంటి నడక. ఏం చదివిందో అంతా గుర్తొస్తోంది. ఉద్యోగంలో చేరినప్పుడు మూడు రోజులు పాఠం చెప్పారు. ఆ విత్తనాలు గాలి తగలని లోతైన పుండులో మొలిస్తే విషం పుట్టిస్తాయి. ఆ విషం ముందు కనురెప్పల్ని వాలుస్తుంది. తర్వాత చూపు రెండవుతుంది. మాట ముద్దవుతుంది, మింగుడు పడదు, ఆఖరికి ఊపిరి. ఆ పాఠం చెప్పినాయన పలక మీద మనిషి తల బొమ్మ గీసి పై నుంచి కిందికి బాణాలు వేశాడు. అందరికంటే ముందు చెయ్యెత్తి ప్రశ్నలడిగింది తనే.

ఇంటి తలుపు తీసేసరికి అత్తగారు కిటికీ దగ్గర కుర్చీలో ఉంది. రెప్పలు సగం వాలి ఉన్నాయి.

కోడలు లోపలికి అడుగు పెట్టలేదు. గుమ్మం పట్టుకుని నిలబడింది. అవి ఎప్పుడూ ఉండేలాగే ఉన్నాయా? ఇంకాస్త వాలాయా? పదకొండేళ్ళుగా చూస్తున్న మొహం. ఆ రెప్పలు ఎక్కడిదాకా ఉంటాయో ఒక్కనాడైనా పట్టి చూసిందా?

"ఏమే, దెయ్యాన్ని చూసినట్టు నిలబడ్డావ్? ఇంత పొద్దున్నే వచ్చేశావేంటి?" అంది అత్తగారు, కళ్ళు పూర్తిగా తెరవకుండానే.

మాట స్పష్టంగానే ఉంది. కోడలు ఊపిరి వదిలింది. "క్లినిక్‌కి వెళ్దాం అత్తయ్యా. సిస్టర్ కట్టు మార్చాలందట."

"మొన్నేగా చూసింది?"

"రమ్మందట," అని మాత్రం అనగలిగింది.

క్లినిక్‌లో అత్తగారిని తెర వెనక బల్ల మీద పడుకోబెట్టి, కోడలు సిస్టర్‌ని వరండాలోకి లాక్కెళ్ళింది. రెండు మాటల్లో చెప్పేసింది. సిస్టర్ లోపలికెళ్ళి డాక్టరుని పిలుచుకొచ్చింది.

డాక్టరు పెద్దావిడ. తొందరపడే మనిషి కాదు. పుండు అంచులన్నీ వేలితో నొక్కి చూసి, లోపల ఏదైనా గొయ్యి ఉందేమోనని సన్నని పుల్లతో వెతికి, సెలైను సీసా మొత్తం ధారగా పోసి కడిగించింది. ఒక ముక్క పరీక్షకి పంపింది. తర్వాత కోడల్ని తన గదిలోకి పిలిచింది.

"తేనె వల్ల పుండులో ఈ విషం పుట్టిందని నేను ఇంతవరకూ ఎక్కడా చదవలేదు. పుండు కూడా పైపైనే ఉంది, పెద్ద లోతు లేదు. భయపడాల్సినంత లేదు."

"అయితే ఏమీ కాదా డాక్టర్?"

"కాదని సంతకం పెట్టి ఇవ్వలేను. అసలు కిరణాలు ఎందుకు పెడతారో మీకే నాకంటే బాగా తెలుసు. రెండు వారాలు కనిపెట్టి ఉండండి. రెప్పలు వాలడం, ఒకటి రెండుగా కనపడటం, గొంతు మారడం, నీళ్ళు పొలమారడం. ఇందులో ఏ ఒక్కటి కనిపించినా నన్ను అడక్కండి, నేరుగా పెద్దాసుపత్రికి తీసుకెళ్ళండి. దానికి మందు ఉంది. ఆలస్యమైతే మటుకు కష్టం."

"మా అత్తయ్యకి చెప్పొద్దు, డాక్టర్."

డాక్టరు ఆమె మొహంలోకి చూసింది. "చెబితేనే మంచిది. ఆ మార్పులు ముందు తెలిసేది ఆవిడకే."

చెప్తానంది కోడలు. చెప్పలేదు. దార్లో రెండుసార్లు నోరు తెరిచింది. రెండుసార్లూ అత్తగారు, "మా కోడలు చేతిచలవ వల్లే పుండు కాస్త ఎండిందని ఆ సిస్టర్‌కి చెప్పాను," అని అందుకుంది.

మర్నాడు ఫ్యాక్టరీకి వెళ్ళేసరికి స్టోరు బాబాయి మేనేజరు గది బయట నిలబడి ఉన్నాడు. టోపీ చేతిలో పట్టుకుని, ఇస్కూలు పిల్లాడిలా. లెక్కకి రాని రెండు ట్యూబుల గురించి లోపలికి పిలిచారట. ఇరవై ఏళ్ళుగా ఒక్క పెట్టె అటూ ఇటూ కానివ్వని మనిషి. ఆమెని చూసి నవ్వబోయాడు గానీ నవ్వు రాలేదు.

కోడలు తలుపు తోసుకుని వెళ్ళింది. "మేడమ్, ఆ ట్యూబులు నేను తీసుకెళ్ళాను. చుక్క చూడలేదు. మా అత్తయ్య పుండుకి ఐదు రోజులు రాశాను."

మేడమ్ కుర్చీలోంచి లేచింది. తిట్టలేదు. ముందు అడిగింది, "ఆవిడ ఎలా ఉన్నారు?" అని. ఆ తర్వాత, "కంచే చేను మేస్తే ఎలాగమ్మా," అంది. విచారణ తేలేదాకా పనిలోకి రావద్దంది. ఆ అరలోని పెట్టెలన్నీ ఆపేసి ఒక్కొక్కటీ తిప్పి చూడమని మనుషుల్ని పంపింది. బయటికొచ్చేటప్పుడు బాబాయి ఆమె భుజం మీద చెయ్యి వేశాడు. అదొక్కటే ఆ రోజు ఆమెకి ఏడుపు తెప్పించింది.

అలా ఇంట్లో పడింది. భర్త లిఫ్టులు బిగించే పని మీద వేరే ఊళ్ళో ఉన్నాడు. రోజూ ఫోన్‌లో, అమ్మెలా ఉంది అంటాడు. బాగుంది అంటుంది. ఫోన్ పెట్టేశాక చేతులు చెమటతో తడిసి ఉండేవి. అత్తగారికి మాత్రం, సెలవు పెట్టానంది.

ఇక మొదలయింది కాపలా. పొద్దున లేవగానే రెప్పలు చూడటం. టీ గ్లాసు అందించి, గుటక గొంతు దిగేదాకా ఎదురుగా నిలబడటం. గోడమీది క్యాలెండర్‌లో ఇవాళ ఏ తేదీ అని అడగటం. "అత్తయ్యా, ఇవెన్ని వేళ్ళు?" అని సరదాకి అన్నట్టు అడగటం. కళ్ళజోడు పెట్టుకోమని, పేపర్‌లో పెద్దక్షరాల వార్త పైకి చదివించుకుని, గొంతు నిన్నటిలాగే ఉందా అని వినడం. అనుమానం పెనుభూతం అంటారు. ఆ భూతం కోడలితోబాటే వంటగదిలోకీ, స్నానాలగదిలోకీ వచ్చేది. అత్తగారు ఆవులిస్తే గుండె ఆగేది. ఆవులించకపోతే ఎందుకు ఆవులించలేదా అని అనుమానం. మధ్యాహ్నం ఆమె నిద్రపోతుంటే పక్కన కూర్చుని, దుప్పటి లేవడం దిగడం లెక్కపెట్టేది.

అత్తగారు మొదటి రెండు రోజులూ నవ్వింది. మూడో రోజు విసుక్కుంది. నాలుగో రోజు నుంచి మాట తగ్గించింది. నోరు ఊరుకోని మనిషి ఊరుకుంది. కోడలు దాన్నీ చూసింది. మాట ముద్దవుతోందని దాచుకుంటోందా? దగ్గరికెళ్ళి కావాలని ఏదో ఒకటి మాట్లాడించేది. ఆమె ముక్తసరిగా జవాబు చెప్పి మొహం తిప్పుకునేది.

ఒకసారి టీ తాగుతూ అత్తగారికి పొలమారింది. చప్పున కొంగు అడ్డం పెట్టుకుని, దగ్గుని గొంతులోనే తొక్కిపెట్టింది. కళ్ళలో నీళ్ళు తిరుగుతున్నా, "ఏం లేదు, ఏం లేదు" అని చెయ్యి ఊపింది.

"పొలమారిందా అత్తయ్యా? మింగుడు పడటం లేదా?"

"ఏం లేదన్నానా! గొంతులో గరగర."

కోడలు వంటగదిలోకి వెళ్ళి గోడకానుకుని నిలబడింది. ఆసుపత్రికి తీసుకెళ్ళాలా? ఒక్కసారి పొలమారడానికే తీసుకెళ్తే నిజం చెప్పాలి. ఇంకోసారి చూద్దాం అనుకుంది. ఇంకోసారి, ఇంకోసారి అనుకుంటూ ఆలస్యం చేస్తే? ఎటు తిరిగినా గోడే. కుడితిలో పడ్డ ఎలుకలా ఆ నాలుగు గోడల మధ్యే కొట్టుకుంది ఆ పూటంతా.

ట్యూబుల సంగతి తెలిసిన పదో రోజు అది. మధ్యాహ్నం భోజనాలవుతున్నాయి. అత్తగారు కూజా అందుకుని గ్లాసులో నీళ్ళు పోసుకోబోయింది. నీళ్ళు గ్లాసు పక్కన, బల్ల మీద ధారగా పడ్డాయి. ఆమె ఆగి, కళ్ళు చికిలించి, గ్లాసుని చేత్తో తడిమి వెతుక్కుని మళ్ళీ పోసింది. తర్వాత కోడలు చూసిందేమోనని దొంగచూపు చూసి, తడి మీద పళ్ళెం జరిపింది.

కోడలికి లోకమంతా ఆ తడి చోటు దగ్గర ఆగిపోయింది. చూపు రెండవుతోంది. వచ్చేసింది. రెప్పలు, చూపు, మింగుడు. పలక మీది బొమ్మలో బాణాలు ఒక్కొక్కటే దిగుతున్నాయి.

"అత్తయ్యా, లేవండి. ఆసుపత్రికి వెళ్దాం. ఇప్పుడే."

"నేను రాను."

"లేవండత్తయ్యా, మీకు దణ్ణం పెడతాను!"

"నేను రానంటే రాను!" అత్తగారు బల్ల అంచు రెండు చేతులతో పట్టుకుంది. గొంతు వణుకుతోంది. ఆమె గొంతు వణకడం మామగారు పోయిన రోజున కూడా కోడలు వినలేదు. "నాకు తెలీదనుకున్నావా? తేదీలడగడం, వేళ్ళు లెక్కపెట్టించడం. మా లాండ్రీలో నాతో పనిచేసినదాన్ని వాళ్ళింట్లో ఇలాగే అడిగారు. మతి పోయిందని కాగితం రాయించి ఎక్కడో చేర్పించారు. మళ్ళీ దాని మొహం నేను చూడలేదు. నాకు మతి బాగానే ఉంది. పుండు కంపు భరించలేకపోతే ఆ మాట చెప్పు, నేనే పోతాను. ఇలా దొంగచాటుగా పరీక్షలు పెట్టకు."

కోడలు నిలుచున్నది నిలుచున్నట్టే నేల మీద కూలబడింది. పది రోజులుగా తను భయపడుతూ ఆమెని చూస్తుంటే, ఆమె తనని చూసి భయపడుతోంది! ఆ భయంతోనే ఏ మార్పు వచ్చినా దాచిపెడుతోంది. ఏది తెలియాలని తను కళ్ళు కాయలు కాచేలా చూసిందో దాన్ని తనే దాచిపెట్టించింది.

"మతి పోయింది మీకు కాదు అత్తయ్యా, నాకు," అంది. అక్కడే, నేల మీదే కూర్చుని మొత్తం చెప్పింది. పెట్టె, గోడవైపు తిరిగి ఉన్న చుక్క, మూడంకెలు, డాక్టరు చెప్పిన నాలుగు లక్షణాలు, ఉద్యోగం. ఏదీ దాచలేదు. చెప్తున్నంతసేపూ అత్తగారి పాదాల వైపే చూస్తూ చెప్పింది.

కుర్చీ కాళ్ళు నేలకి రాసుకున్న చప్పుడు.

"అయితే చచ్చిపోతానా?" అంది అత్తగారు. అడిగిన తీరు చిన్నపిల్ల అడిగినట్టుంది.

"లేదు. ఇప్పుడే వెళ్తే మందుంది."

"మరి కూర్చున్నావేంటే! లే!"

ఆటోలో ఇద్దరూ ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుని కూర్చున్నారు. అత్తగారి చెయ్యి చల్లగా ఉంది. ప్రతి మలుపు దగ్గరా ఆమె, "ఇప్పుడు నా మాట బాగానే ఉందా? ఇప్పుడు?" అని అడుగుతోంది. బాగానే ఉంది, బాగానే ఉంది అంటోంది కోడలు. తన గొంతే బాగాలేదు.

పెద్దాసుపత్రిలో కుర్ర డాక్టరొకడు చూశాడు. టార్చి వేశాడు, వేలు అటూ ఇటూ తిప్పి చూడమన్నాడు, బుగ్గలు పూరించమన్నాడు, నాలిక బయటపెట్టమన్నాడు, చేతులెత్తి పట్టుకోమన్నాడు. నీళ్ళు తాగించాడు. అరగంటసేపు కోడలు గోడవారన నిలబడి అతని మొహమే చూసింది. చివరికి అతను అత్తగారి కళ్ళజోడు తీసి వెలుతుర్లోకి ఎత్తి చూశాడు.

"ఇది మీదేనా అమ్మా?"

అత్తగారు తలదించుకుంది. "నాది విరిగింది. వారమైంది. కుర్చీలో పెట్టి దాని మీదే కూర్చున్నాను. చెబితే, చూశావా కళ్ళజోడు మీదే కూర్చుంది, మతి తప్పింది అంటారని... మా ఆయనది పెట్టెలో ఉంటే తీసి పెట్టుకున్నాను. ఫ్రేము ఒకలాగే ఉంటుంది. ఇది పెట్టుకుంటే గ్లాసులు అల్లంత దూరాన కనపడుతున్నాయి."

కళ్ళజోడు తీసేశాక అతను వేలు చూపించాడు. మసకగా ఉంది గానీ ఒక్కటే ఉంది అంది. రెప్పల గురించి అడిగితే, అత్తగారు తన పాత ఉద్యోగపు గుర్తింపు కార్డు సంచిలోంచి తీసి చూపించింది. పాతికేళ్ళ వయసులోనూ అవే అరమూత కళ్ళు. అయినా ఆ డాక్టరు ఇంటికి పంపలేదు. రెండు రోజులు ఉంచుకుని చూస్తామన్నాడు.

ఆ రెండు రోజులూ కోడలికి ముందరి పది రోజుల కంటే తేలికేం కాదు. వార్డులో ఎవరి మంచం పక్కన ఏ యంత్రం కూసినా ఉలిక్కిపడేది. భర్త వచ్చాడు. విషయం విని, ఆమెతో ఒక పూటంతా మాట్లాడలేదు. అతని మౌనం కంటే తిట్టు నయమనిపించింది. తల్లే అతన్ని పిలిచి, "దాని మీద అలిగి ఏం చేస్తావ్? ఏడు నెలలు ఆ పుండుతో వేగింది నువ్వా అదా?" అంది. తర్వాత కోడలి వైపు తిరిగి, "నిన్ను నేనూ క్షమించలేదులే. ఇంటికెళ్ళాక తిడతాను," అంది. తిట్టింది కూడా. ఇంటికెళ్ళిన మర్నాడు, తీరిగ్గా, టీ తాగుతూ, పుస్తకాల్లో రాయలేని తిట్లు తిట్టింది. కోడలు విన్నది. ఆ గొంతు ఏ మాత్రం ముద్దకాకుండా ఖంగుమని మోగుతుంటే ఆమెకి కళ్ళ వెంట నీళ్ళు కారాయి.

పరీక్షకి పంపిన ముక్కలో ఏమీ మొలవలేదని కబురొచ్చింది. రెండు వారాలు గడిచాయి. మూడో వారమూ గడిచింది.

ఫ్యాక్టరీలో విచారణ తేలింది. ఆమెని సంతకం పెట్టే బల్ల మీదనుంచి తీసేసి ఆర్నెల్లు డబ్బాలు కడిగే చోట వేశారు. ఉద్యోగం పోలేదు, తానే వచ్చి చెప్పిందని. శుద్ధి కాని సరుకుకి వేరే గది కట్టించి తాళం వేశారు.

పుండు మళ్ళీ తడి తడిగా మొదటికొచ్చింది. క్లినిక్‌లో సిస్టర్ ఒకరోజు సీలు తియ్యని కొత్త ట్యూబు తెచ్చి బల్ల మీద పెట్టింది. "తేనె తప్పు కాదు కదమ్మా. పైన గట్టి కట్టు కూడా కడదాం ఈసారి, నరాల ఉబ్బు తగ్గితేగాని పుండు మానదు. కానీ మీ ఇష్టం."

కోడలు వెనక్కి జరిగింది. "సిస్టర్, మీరే రాయండి. నా వల్ల కాదు."

"రోజూ ఆవిడెక్కడ వస్తుంది మనింటికి?" అంది అత్తగారు. కాలు చాపింది. ఆమె చేతులు బల్ల అంచుని ఎంత గట్టిగా పట్టుకున్నాయంటే వేలి కణుపులు తెల్లబడ్డాయి. "రాయవే. నాకూ భయంగానే ఉంది. తొందరగా రాసెయ్."

కోడలు ట్యూబు మీది అక్షరాలన్నీ చదివింది. సిస్టర్ చూపించిన పెట్టెని తిప్పి, ఎర్ర చుక్క కూడా చూసింది. అప్పుడు రాసింది. సగం తేనె గాజుగుడ్డ దాటి కట్టు మీద పడింది.

ఇంకో నాలుగున్నర నెలలు పట్టింది. పుండు అంచుల నుంచి లోపలికి, రోజుకింత అని కంటికి కనపడనంత మెల్లగా మూసుకుంది. చివరికి ఉల్లిపొరలాంటి గులాబీరంగు చర్మం వచ్చింది. సిస్టర్ దాన్ని చూసి, ఇక కట్టు అక్కర్లేదు, బిగుతు మేజోళ్ళు వేసుకుంటే చాలంది. అత్తగారు ఆ రోజు ఆటో వద్దంది. నడిచే వెళ్తానంది.

క్లినిక్ మెట్లు దిగుతూ మూడో మెట్టు మీద ఆమె కాలు మడతపడింది. కోడలు పెట్టిన కేకకి లోపల్నుంచి సిస్టరూ, ఇద్దరు రోగులూ పరిగెత్తుకొచ్చారు. అత్తగారు కమ్మీ పట్టుకుని నిలబడి ఉంది. కాలికి ఏమీ కాలేదు.

"చెప్పు తెగిందే, అంతే! ఎందుకలా అరుస్తావ్, నేను కాదు, నీ కేకకి ఆ రోగులు చచ్చేలా ఉన్నారు," అంది.

కోడలు మెట్టు మీద కూర్చుండిపోయింది. అత్తగారు తెగిన చెప్పుని సంచిలో వేసుకుని, కాసేపు ఆమె పక్కనే కూర్చుంది. తర్వాత లేచి చెయ్యి చాపింది.

"లే. ఆటోలోనే వెళ్దాంలే."